వదులుకోని అవుట్

బ్యాటర్ వెనక గొంతుక్కూర్చున్న క్యాచర్ వెండెల్ కోసెక్ తొడల మధ్య కుడిచెయ్యి దాచి వేళ్ళు చూపించాడు. మూడు, ఒకటి, రెండు, మళ్ళీ ఒకటి. తర్వాత ఎడమచేతి గ్లవ్‌ని బ్యాటర్ మోకాలి కిందికి, బయటి అంచుకి తెచ్చి కదలకుండా కూర్చున్నాడు. వంపు తిరిగే బంతి, సరిగ్గా అక్కడికే రావాలి.

మట్టి దిబ్బ మీద నిలబడి బంతి విసిరే పిచర్ కుర్రాడు కోరీ ట్రాస్క్ తలూపి కాలెత్తాడు. బంతి చేతిలోంచి జారిన క్షణంలోనే వెండెల్‌కి తెలిసిపోయింది, ఇది వంపు తిరగదని. ఉన్న జోరంతా పెట్టి విసిరిన బంతి అది, ఛాతీ ఎత్తున, లోపలి వైపుకి. కింద పెట్టుకున్న చెయ్యి పైకి లేచే లోపల బంతి గ్లవ్ కొసని రాసుకుని, అంపైర్ భుజం పక్కనుంచి వెనక గోడ దాకా పోయింది. వెండెల్ మాస్క్ విసిరేసి దాని వెనక పరుగెత్తాడు. బంతి దొరకబుచ్చుకుని తిరిగి చూసేసరికి, రెండో బేస్‌లో ఉండాల్సిన అవతలి జట్టువాడు మూడో బేస్‌లో నిలబడి ప్యాంటు దులుపుకుంటున్నాడు.

ఆ తర్వాతి బంతికే బ్యాటర్ ఎడమ వైపు కొట్టి అతన్ని ఇంటి ప్లేటుకి చేర్చి ఒక పరుగు తెచ్చాడు. ఆపైన వచ్చినవాడు నేల మీద కొడితే, వెండెల్ జట్టు మార్లో ఒక్క దెబ్బకి ఇద్దర్ని అవుట్ చేసి ఇన్నింగ్స్ ముగించింది గాని, జరగాల్సిన నష్టం జరిగిపోయింది. ఒకటి-సున్నాతో చేతిలో ఉన్న ఆట సమానమై, పదో ఇన్నింగ్స్‌లో చేజారింది.

ఇది ఇండియానాలోని మార్లోలో, ఆగస్టు చివరి వారంలో, గురువారం మధ్యాహ్నం జరిగిన బేస్‌బాల్ ఆట. ఆ వారం ప్రతివాడి కన్నూ ఇంటి ప్లేటు వెనక, వల చాటున మూడో వరుసలో కూర్చున్న ఒక్క మనిషి మీదే ఉంది. ఆయన పేరు ప్రూయిట్. పై లీగు జట్టు మనిషి. సెప్టెంబర్‌లో పెద్ద జట్టు తలుపు కొంచెం వారగా తెరుచుకుంటుంది. ఆ సందులోంచి ఈసారి ఒక పిచర్, ఒక క్యాచర్ లోపలికి వెళ్తారు. ఎవరన్నది తేల్చడానికే ప్రూయిట్ ఆదివారం దాకా ఉంటాడు.

పిచర్ సంగతి ఎవరికీ అనుమానం లేదు, కోరీయే. క్యాచర్లే ఇద్దరు. బోడీన్ అనేవాడికి ఇరవై మూడేళ్ళు, బంతిని పార్కింగ్ స్థలంలోకి కొడతాడు, పట్టుకునేటప్పుడు మాత్రం తలుపు సందులో వేలు పడ్డవాడిలా ముడుచుకుపోతాడు. వెండెల్‌కి ముప్పై రెండు. పదకొండేళ్ళుగా ఇలాంటి ఊళ్ళలోనే ఆడుతున్నాడు, పై లీగులో ఒక్క రోజు కూడా నిలబడలేదు. బ్యాట్ పట్టుకుంటే ప్రేక్షకులు పల్లీలు కొనుక్కోవడానికి లేస్తారు. కాని ప్లేటు వెనక కూర్చున్నాడంటే బంతి అతన్ని దాటి పోదు. అంచుకి రెండు వేళ్ళ దూరాన బయట పడ్డ బంతిని మణికట్టు కదలనివ్వకుండా పట్టుకుని, అది మొదట్నించీ లోపలే ఉందని అంపైర్‌ని నమ్మిస్తాడు. తల వెనక్కి తిప్పకుండానే అంపైర్‌తో వాదిస్తాడు. తిప్పితే అందరి ముందూ ఆయన పరువు తీసినట్టవుతుందని తెలుసు. పిచర్లు గెలిచిన ఆటల్లో సగం ఇతని మోకాళ్ళ అరుగుదలే. కాని క్యాచర్ బతుకు వంటవాడి బతుకు. ఉప్పు సరిపోయిన రోజున ఎవరూ మాట్లాడరు.

ఆ రోజు ఉప్పు తగ్గింది.

బట్టల గదిలో వెండెల్ బల్ల మీద కూర్చుని, సైగలు పిచర్‌కి బాగా కనబడాలని గోళ్ళకి చుట్టుకున్న తెల్ల పట్టీలు ఒక్కొక్కటే పీకుతున్నాడు. ఆ వేళ్ళలో నిటారుగా ఉన్నవి రెండే. పక్కనున్న బట్టల పెట్టె ముందు కోరీ వంగి బూటు లేసు విప్పుతున్నాడు. విప్పిన ముడినే మళ్ళీ మళ్ళీ లాగుతున్నాడు.

ఊరి పత్రికలో రాసే ఎబర్లీ వచ్చాడు. స్కోరు తప్పొప్పులు తేల్చే పని కూడా ఆయనదే.

"వెండెల్, ఆ బంతి నీ ఖాతాలోనే వేశాను. నీ తప్పని. ఏడాది మొత్తం మీద నీకిదే మొదటిది." కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "నువ్వు అడిగింది ఒకటి, వచ్చింది ఒకటి అయితే చెప్పు. రేపటి లోపల మార్చి పిచర్ తప్పని వేస్తా."

వెండెల్ పట్టీ పీకడం ఆపలేదు. ఈ ఆటలో రాయని చట్టం ఒకటుంది. పిచర్ ఎంత గడ్డి కరిచినా క్యాచర్ నోరు విప్పడు. చెప్పుకోవాల్సినవాడు పిచర్. ఆ పిచర్ ఇక్కడే చేతికందే దూరంలో ఉన్నాడు. 'చెప్పరా అబ్బాయ్, నీ నోట్లోంచి ఒక్క మాట' అని మనసులో అనుకుని వెండెల్ ఎదురు చూశాడు.

కోరీ రెండో బూటు మీద చెయ్యి వేశాడు. తల ఎత్తలేదు.

"నీకు కనిపించిందే రాసుకో," అన్నాడు వెండెల్ ఎబర్లీతో.

"నాకు కనిపించింది నువ్వు బంతి వదిలెయ్యడమే."

"అయితే అదే రాసుకో."

అవతలి మూల నుంచి బోడీన్ తువ్వాలు భుజాన వేసుకుంటూ వచ్చాడు. "ఏం ముసలోడా, నీ దగ్గర బంతి పోవడమేంటి? నాకు అంటుకుందనుకున్న జబ్బు నీకూ అంటుకుందా?"

నలుగురూ నవ్వారు. అందులో విషమేమీ లేదు, రోజూ ఉండే ఆటపట్టింపే. అయినా పుండు మీద కారం చల్లినట్టయింది వెండెల్‌కి. ఎడమచేతిని మంచు బకెట్‌లో మోచేతి దాకా దింపి, మొద్దుబారేదాకా అలాగే ఉంచాడు.

ఆ సాయంత్రం నెబ్రాస్కాలో ఉన్న భార్య లోరెట్టాతో ఫోన్‌లో మాట్లాడాడు. ఆమె అక్కడ బేకరీలో పని చేస్తుంది. ఇది ఆఖరి ఏడాదని వసంతకాలంలోనే ఇద్దరూ అనుకున్నారు. ఈ సెప్టెంబర్‌లో పిలుపు రాకపోతే గ్లవ్ అటక మీదికి, అతను వాళ్ళ మామయ్య ధాన్యం గిడ్డంగిలోకి.

"ఆ బంతి పోవడం ప్రూయిట్ చూశాడా?" అంది.

"చూశాడు. అసలు చూడాల్సింది ఇంకోటుంది లోరెట్టా. దానికి ముందు అవతలి జట్టువాడొకడు మొదటి బేస్ నుంచి దొంగతనంగా రెండో బేస్‌కి పరుగెత్తాడు. ఏం విసిరాననుకున్నావ్. లేస్తూ లేస్తూనే విసిరా, మోకాలి ఎత్తున, బేస్ మీదికి. వాడు జారుకుంటూ వచ్చేసరికి బంతి అక్కడ కాచుకునుంది. అంపైర్ చెయ్యెత్తి అవుటన్నాడు. ఈలోగా రెండో బేస్ దగ్గరున్న మన షార్ట్‌స్టాప్ వెధవ బంతి జారవిడిచాడు. అంపైర్ చెయ్యి తిప్పేసి, అవుట్ కాదు పొమ్మన్నాడు."

"అయ్యో."

"పట్టుకున్నాడు, తర్వాతే జారింది. అవుటే. నూటికి నూరు పాళ్ళూ అవుటే. ఈ పదకొండేళ్ళలో అలాంటి త్రో నేను వెయ్యలేదు. అది నా దగ్గర్నుంచి లాగేసుకున్నారు. అది చాలదన్నట్టు ఆ పిల్లకాకి కోరీ వచ్చి అవుట్ల లెక్క మరిచిపోయి సైగ తప్పు చదివాడు."

"మరి ఆ సంగతి చెప్పొచ్చుగా?"

"క్యాచర్ చెప్పకూడదు."

"నీకు కాకపోతే ఇంకెవరికి నష్టం? వాడికేమో వచ్చే ఏడూ ఉంది, ఆ పై ఏడూ ఉంది. నీకో?"

ఫోన్ పెట్టేశాక కూడా ఆ ప్రశ్న గదిలోనే ఉండిపోయింది.

శుక్రవారం పత్రికలో ఒక్క వాక్యమే వచ్చింది. కోసెక్ తప్పిదంతో ట్రాస్క్ శ్రమ వృథా. వెండెల్ కాఫీ దుకాణంలో అది చదివి, పత్రిక మడిచి, అక్కడే బల్ల మీద వదిలేసి లేచాడు. పోనీ కుర్రాడు ఇవాళైనా వచ్చి ఒక మాట అంటాడేమోనని చూశాడు. కోరీ వచ్చాడు, "గుడ్ మార్నింగ్ అన్నా" అన్నాడు, గడ్డి మీద పడుకుని కాళ్ళు సాగదీసుకున్నాడు. మాటకి ముందు ఒకసారి ఆగి వెండెల్ ముఖం వైపు చూసిన మాట నిజం. ఏదో జాలి పడుతున్నట్టు చూశాడు. ఆ చూపుకి వెండెల్ ఒళ్ళు మండిపోయింది. చేసిందంతా చేసి పైగా జాలొకటా!

సైగల లెక్క కష్టమైనదైతే సరే అనుకోవచ్చు. రెండో బేస్‌లో ఎదుటి జట్టు మనిషి ఉంటే అతనికి క్యాచర్ వేళ్ళు కనిపిస్తాయి కాబట్టి నాలుగు సైగలు చూపిస్తారు. మూడు దొంగవి, ఒకటి అసలుది. వెండెల్ పెట్టిన పద్ధతి ఇది: ఎందరు అవుటయ్యారో దానికి ఒకటి కలుపుకో, ఆ వరుసలో ఉన్నదే అసలు సైగ. ఒక వేలు జోరు బంతి, రెండు వేళ్ళు వంపు బంతి. ఇంత ఎత్తు పిల్లాడు కూడా చెప్పగలడు. ఏప్రిల్ నుంచీ వెండెల్ ఆ కుర్రాడికి ఇవన్నీ నూరిపోశాడు. బ్యాటర్ పాదాలు చూడమన్నాడు, కోపం వస్తే బంతిని చొక్కాకి తుడుచుకుంటూ మూడు ఊపిరులు తీసుకోమన్నాడు. ఏప్రిల్‌లో గోడకేసి కొట్టినట్టు విసిరేవాడు, ఆగస్టుకి పిచరయ్యాడు. దాన్ని చూసే ప్రూయిట్ వచ్చాడు. చేసినవాడికి చెమట, చూపినవాడికి పేరు అని వెండెల్ తనలో తనే గొణుక్కున్నాడు.

శనివారం పొద్దున మేనేజర్ మెర్ల్ గాఫ్నీ అతన్ని తన గదిలోకి పిలిచాడు. గాఫ్నీ అరవై దాటినవాడు, పొగాకు నములుతూ కాగితపు కప్పులో ఉమ్ముతూ మాట్లాడతాడు.

"కూర్చోరా. నీకు దాచి పెట్టేదేముంది. ప్రూయిట్ రెండు పడవల మీద కాళ్ళు పెట్టుకునున్నాడు. బోడీన్ కొడతాడు, పట్టలేడు. నువ్వు పడతావు, కొట్టలేవు. నేనేం చెప్పానంటే, కొట్టేవాళ్ళు మీకు అక్కడ బోలెడుమంది ఉన్నారు, పిచర్లకి తోడుగా తలకాయున్నవాణ్ణి తీసుకెళ్ళండి అన్నాను. ఒప్పుకునేలాగే కనిపించాడు. గురువారం నుంచి నసుగుతున్నాడు." కప్పులో ఉమ్మాడు. "ఏం జరిగిందిరా ఆ బంతికి?"

వెండెల్ కిటికీలోంచి బయటికి చూశాడు. మైదానం పనివాళ్ళు మట్టి మీద నీళ్ళు చల్లుతున్నారు.

"నన్నెందుకండీ అడుగుతారు. నేను పెట్టాల్సిన చోటే గ్లవ్ పెట్టాను. అడగాలంటే దిబ్బ మీదున్నవాణ్ణి అడగండి."

గాఫ్నీ నమలడం ఆపాడు. ఒక పాత క్యాచర్ నోట ఇలాంటి మాట ఆయన ఎప్పుడూ విని ఉండడు. "అలాగా," అన్నాడు. "సరే, పో. వాణ్ణి పంపించు."

వెండెల్ వెళ్ళి కోరీని పంపించాడు. తలుపు వేశారు. వెండెల్ బల్ల మీద కూర్చుని, గ్లవ్ లోపల అరచేతి కింద వేసుకునే స్పాంజి ముక్కని కత్తెరతో కత్తిరించుకోసాగాడు. చట్టం తప్పాడు, నిజమే. అయినా ఎన్నాళ్ళ నుంచో మూసుకుపోయిన ముక్కు తెరుచుకున్నట్టు హాయిగా ఉంది. ఎప్పుడూ నేనేనా మొయ్యాల్సింది, అనుకున్నాడు.

కోరీ బయటికొచ్చేసరికి చెవులు ఎర్రబడి ఉన్నాయి. ఎవరితోనూ మాట్లాడకుండా టోపీ తీసుకుని మైదానంలోకి పోయాడు. ఆ సాయంత్రానికి గదిలో అందరికీ తెలిసిపోయింది. ట్రాస్క్‌ని ఈ సెప్టెంబర్‌కి పంపడం లేదట. ఒత్తిడిలో సైగలు మరిచిపోయేవాణ్ణి పెద్ద జట్టుకి తీసుకెళ్ళి నవ్వులపాలవలేమని ప్రూయిట్ అన్నాడట. బోడీన్ ఆ మాట చెప్పి పెదవి విరిచాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

వెండెల్ హాయి ఆ రాత్రికే ఆవిరైపోయింది. వాడి సెప్టెంబర్ పోవాలని తను అనలేదే. తన తప్పు కాదని తేలితే చాలుననుకున్నాడు, అంతే. తప్పు చేసినవాడికి ఆ మాత్రం తగలొద్దా అని ఒకసారి, తగిలింది మరీ ఎక్కువేమోనని ఒకసారి, పొద్దుటి దాకా అటూ ఇటూ దొర్లాడు.

ఆదివారం కోరీ ఆడే రోజు కాదు. చెయ్యి పట్టు తప్పకుండా పక్కన కాసిన్ని బంతులు విసరాలి. పట్టడానికి ఎప్పటిలాగే వెండెల్ వెళ్ళాడు. ఇద్దరూ మాట్లాడుకోలేదు. బంతి వచ్చి గ్లవ్‌లో పడుతోంది, తిరిగి వెళ్తోంది. నిర్లక్ష్యంగా విసురుతాడనుకున్నాడు గాని, కుర్రాడు ఒక్కో బంతినీ శ్రద్ధగా, గ్లవ్ ఎక్కడ పెడితే అక్కడికే విసిరాడు. ఆఖరి బంతి పట్టుకుని వెండెల్ లేచి దగ్గరికి నడిచాడు. మోకాళ్ళు టకటకమన్నాయి.

"నువ్వే ముందు చెప్పుంటే ఇంత దాకా వచ్చేది కాదు," అన్నాడు.

"ఏం చెప్పాలి అన్నా?"

"సైగ తప్పు చదివావని. ఆ రోజు ఎబర్లీ అడిగినప్పుడే."

కోరీ టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "నిన్న చెప్పాగా మేనేజర్‌కి. తప్పు చదివానన్నాను. ఇంకేం కావాలి నీకు?"

"చెప్పావు సరే. మూడు రోజులు దాచావుగా."

"దాచింది నా కోసమా?" కుర్రాడి గొంతు మొదటిసారి పైకి లేచింది. "నేను చదివింది కరెక్టే. అయినా నువ్వెందుకలా చూపించావో నాకర్థం కాలేదు. అందరికీ ఒకోసారి అవుతుందిలే, అనుకున్నా. నా నోటితో నీ తప్పని ఎలా చెప్పను? అది కూడా ప్రూయిట్ అక్కడ కూర్చునుండగా? నిన్న మేనేజర్ అడిగితే అవునన్నాను. నాకు ఇంకా చాలా సెప్టెంబర్లున్నాయి. నీకు లేవు."

"ఏం వాగుతున్నావ్. మూడు, ఒకటి, రెండు, ఒకటి. మూడోది రెండు. వంపు బంతి."

"రెండోది ఒకటి. జోరు బంతి. ఒకడే అవుటయ్యాడు అన్నా."

"ఇద్దరు. మొదటివాణ్ణి నువ్వు స్ట్రైక్ అవుట్ చేశావా. రెండోవాడు నాలుగు చెడ్డ బంతులకి మొదటి బేస్‌కి ఊరికే నడిచాడా. వాణ్ణి నేను రెండో బేస్‌లో..."

వెండెల్ నోరు అక్కడే ఆగిపోయింది.

రెండో బేస్‌లో వాడు నిలబడే ఉన్నాడు. వాడు ఉన్నాడు కాబట్టే నాలుగు సైగలు చూపించాల్సి వచ్చింది. కళ్ళెదుట వాణ్ణి పెట్టుకుని, వాడు చూస్తున్నాడనే దొంగ సైగలు చూపిస్తూ, అదే మనిషిని అవుటైనట్టు లెక్కేసుకున్నాడు తను. ఆ పైన ఇద్దరు ఒక్క దెబ్బకి అవుటై ఇన్నింగ్స్ ముగిసింది. ఒకటీ రెండూ మూడు. అప్పుడైనా తట్టలేదు. మూడు రోజులు ఆ త్రోనే తలుచుకుని కుమిలాడు, ఒక్కసారి కూడా లెక్క మళ్ళీ చూసుకోలేదు. వంటికి బురద ఎక్కడంటిందో చూసుకోకుండా ఊరంతా కడిగాడు.

"అన్నా?" అన్నాడు కోరీ.

"గ్లవ్ లోపల పెట్టు. ఎండకి తోలు పాడవుతుంది," అని వెండెల్ గబగబా లోపలికి నడిచాడు.

మేనేజర్ గదిలో ప్రూయిట్ కూడా ఉన్నాడు. కాఫీ తాగుతున్నాడు. వెండెల్ తలుపు దగ్గరే నిలబడి చెప్పేశాడు. "ఆ బంతి తప్పు నాదండీ. కుర్రాడు సరిగ్గానే చదివాడు. అవుట్ల లెక్క నేను తప్పాను."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గాఫ్నీ ముఖంలోకి మెల్లగా నవ్వొచ్చింది.

"నేను చెప్పలేదా?" అన్నాడు ప్రూయిట్‌తో. "నిన్న కోపంలో ఏదో అన్నాడు గాని, వీడి రకం ఇదీ. పిల్లాడు మునిగిపోతుంటే తన మీద వేసుకుంటాడు. పదకొండేళ్ళలో వీడు అవుట్ మరిచిపోగా చూసినవాడు లేడు."

ప్రూయిట్ కప్పు కింద పెట్టాడు. వెండెల్‌ని తేరిపార చూశాడు. ఈ పదకొండేళ్ళలో పై లీగు మనిషి ఎవరూ అతన్ని అలా చూడలేదు. "ఇలాంటివాడు ఒకడు మా దగ్గరుంటే," అన్నాడు, "మా పిచర్లకి కొంచెం బుద్ధొచ్చేది. కోసెక్, బోడీన్ గురించి నేను ఇంకా మాట ఇవ్వలేదు."

వెండెల్ ఇక ఏమీ అనక్కర్లేదు. ఊరికే నిలబడితే చాలు. నమ్మకపోవడం వాళ్ళ ఇష్టం. నిజం తను చెప్పనే చెప్పాడు, ఇంకేం చెయ్యగలడు? లోరెట్టా గొంతు వినబడింది, బేకరీ అప్రాన్ విప్పకుండానే ఏడుస్తున్నట్టు. రైలు వెళ్ళిపోయిందనుకున్నాక వెనక్కి వచ్చి తన ముందే ఆగింది. ఎక్కాలని ప్రాణం పీకుతోంది. ఎంత కోపం వచ్చిందంటే, ఎవరి మీదో కూడా తెలియలేదు.

"ఆ త్రో చూశారు కదా మీరు," అన్నాడు. "రెండో బేస్‌కి వేసింది."

"చూశాను. బాగా వేశావు."

"అంపైర్ అవుటన్నాడు. తర్వాత కాదన్నాడు. నేను ఒప్పుకోలేదు. నోటితో ఏమీ అనలేదు, ప్లేటు వెనక కూర్చున్నా. కాని మనసులో ఆ అవుట్ నేను వెనక్కివ్వలేదండీ. నాదని పెట్టుకున్నా. ఇద్దరు అవుటయ్యారనుకునే సైగ చూపించా. వాడు రెండోది చదివాడు, అదే కరెక్టు. నేను మూడోదాని కోసం కూర్చున్నా."

గాఫ్నీ నవ్వు ముఖం మీదే చల్లారింది. ఈ మాట కల్పించి చెప్పేది కాదని ఆయనకి తెలుసు. ఆ త్రో గురించి వెండెల్ ఆటగాళ్ళు కూర్చునే డగౌట్‌లో తిట్టిన తిట్లు ఆయన చెవిలోనే పడ్డాయి. "ఎందుకు చెప్పావురా," అన్నాడు చిన్నగా. ప్రూయిట్ మళ్ళీ కప్పు అందుకున్నాడు. ఆయన చూపు మర్యాదగానే ఉంది, కాని అది ఇక వెండెల్ మీద లేదు.

"థ్యాంక్స్, కోసెక్. వెళ్తూ ఆ కుర్రాణ్ణి పంపించు," అన్నాడు. తర్వాత, "బోడీన్‌ని కూడా."

బట్టల గదిలో కోరీ పెట్టె ముందు నిలబడి ఉన్నాడు. బోడీన్ శాండ్‌విచ్ తింటున్నాడు. వెండెల్ ఇద్దరికీ చెప్పాడు. కోరీ కదలకుండా అతన్నే చూశాడు.

"ఏం చేశావన్నా?"

"చొక్కా లోపలికి దోపుకో. అలాగే పోతావా?"

కోరీ చొక్కా దోపుకుంటూ వెళ్ళాడు. బోడీన్ చేతులు ప్యాంటుకి తుడుచుకుని లేచాడు. వాడికి సంగతి అర్థమైంది. ఎగతాళి చెయ్యడానికి నోరు తెరిచి, వెండెల్ ముఖం చూసి మూసుకున్నాడు.

"విను," అన్నాడు వెండెల్. "వాడి వంపు బంతి ఆఖరి అడుగులో పడుతుంది. ముందే గ్లవ్ కింద పెట్టకు, బ్యాటర్ కనిపెట్టేస్తాడు. ఛాతీతో ఆపు, గ్లవ్‌తో ఏరుకోవాలని చూడకు. రెండో బేస్‌లో మనిషుంటే అవుట్లు వేళ్ళ మీద లెక్కపెట్టుకో. ప్రతి బంతికీ. మనసులో పెట్టుకోకు."

"అది నాకు తెలీదా ముసలోడా," అన్నాడు బోడీన్.

"తెలుసులే. అయినా లెక్కపెట్టుకో."

బోడీన్ వెళ్ళాడు. తలుపు మూసుకుంది. ఆట మొదలవడానికి ఇంకా టైముంది, బోడీన్ పై లీగుకి పోతే ఇక ఈ జట్టుకి క్యాచర్ అతనొక్కడే. వెండెల్ బల్ల మీద కూర్చుని గోళ్ళకి తెల్ల పట్టీలు చుట్టుకోవడం మొదలుపెట్టాడు.